గుడ్డ వెనక పెరుగు

విశాఖపట్నం, 2071. ‘విస్తరి’ బజారు గుమ్మం మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. నిన్న పారేసిన తిండి: నాలుగు వందల పన్నెండు కిలోలు.

ఆ అంకెను దాచడానికి వీల్లేదు. తినదగిన తిండిని ఎంత పారబోశారో ప్రతి పెద్ద దుకాణమూ వాకిట్లోనే చూపించాలని చట్టం వచ్చి ఆరేళ్లయింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, అయ్యో అని నాలుక చప్పరించి, ఎప్పటిలాగే లోపలికెళ్లి కొనుక్కుంటున్నారు.

డాక్టర్ మృణ్మయి మాత్రం ఆ అంకెను చూసి నవ్వింది. “నీ పని అయిపోయింది పో” అంది దానితో.

ఆమె ధీమా అంతా చేతిలో ఉన్న పెరుగు పాకెట్‌ది. దాని మీద తేదీ లేదు. గోరంత ఆకుపచ్చ చుక్క ఉంది. ఆమె దానికి తాజాచుక్క అని పేరు పెట్టింది. పాకెట్ లోపల పుట్టే వాయువుల్ని పసిగట్టే బయోసెన్సర్ అది. సరుకు కొత్తగా ఉంటే ముదురు పచ్చ, కొన్నాళ్లకు లేత పచ్చ, ఆ తర్వాత పసుపు. నిజంగా పాడైన గంటలోపే ఎరుపు. పసుపు రంగు ఉన్నంతవరకు నిశ్చింతగా తినొచ్చు. తేదీ దాటిందన్న ఒక్క నేరానికి శుభ్రమైన పెరుగును పారబోసే రోజులు పోయినట్టే.

పదకొండేళ్ల శ్రమ అది. విస్తరి ఎండీ విక్రాంత్ ఈ ఒక్క దుకాణంలో ముప్పై రోజులు పరీక్షించమన్నాడు. అంకె రెండు వందల లోపుకు దిగితే దేశంలోని నాలుగు వేల దుకాణాల్లోనూ తాజాచుక్క. దిగకపోతే ఆమె ల్యాబ్‌కు తాళం.

పదో రోజుకి అంకె ఆరు వందల నలభైకి ఎక్కింది.

“తూకం! ఎక్కడ తప్పింది?” అని గోడలోని స్పీకర్ వైపు తిరిగింది మృణ్మయి. సరుకుల రాకపోకలన్నీ చూసే యంత్రం పేరు తూకం.

“చుక్కలో తప్పు లేదు డాక్టర్. నూటికి నూరుపాళ్లు నిజమే చెబుతోంది. చిక్కంతా అక్కడే ఉంది” అంది తూకం. “ఇదివరకు మనిషి రెండు పాకెట్లు తిప్పి చూసేవాడు. ఇప్పుడు పదకొండు చూస్తున్నాడు. ముదురు పచ్చ దొరికేదాకా వదలడం లేదు. లేత పచ్చను కూడా ముట్టడం లేదు. ఇక పసుపు సంగతి అడగకండి.”

మృణ్మయి పసుపు చుక్కల పాకెట్లను సగం ధరకు పెట్టించింది. “ఏదో లేకపోతే సగానికెందుకిస్తారు?” అనుకుంటూ జనం మరింత దూరం జరిగారు. పసుపు కూడా మంచిదేనని తెర మీద తానే నిలబడి చెప్పింది. అంకె ఏడు వందలు దాటింది.

ఇరవై రెండో రోజు పొద్దున గుమ్మం దగ్గరే ఆమె కాళ్లు ఆగిపోయాయి.

నూట పది కిలోలు.

పరుగులాంటి నడకతో పాల విభాగానికి వెళ్లింది. అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న పైడమ్మ, మూల అరకు అడ్డంగా బూడిదరంగు గుడ్డ ఒకటి కట్టి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఎదురుగా కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, పక్కన ఆయన భార్య.

“పిన్నిగారూ, ఆ గుడ్డ వెనకవి రెండివ్వండి” అన్నాడాయన.

“అయ్యి తీసి ఎట్టినవి బాబూ. బయటున్నాయి కదా, ఒట్టుకెల్లు.”

“ఎవరికి తీసి పెట్టారు?”

“ఎవులికైతే నీకేటి?”

“అంటే మేం మనుషులం కామా? వాళ్లేమైనా ఆకాశం నుంచి దిగొచ్చారా? రెండే రెండు!”

పైడమ్మ నిట్టూర్చింది. అటూ ఇటూ చూసి, గుడ్డ కిందికి చేయి పోనిచ్చి రెండు పాకెట్లు తీసిచ్చింది.

“పసుపుగా ఉన్నాయేమండీ?” అంది భార్య.

“ష్! స్పెషల్ సరుకు అలాగే ఉంటుంది. ఆ పచ్చవి మనలాంటివాళ్ల కంటికి ఆనడానికి పెట్టినవి. నడు, నడు!”

వాళ్లు వెళ్లగానే మృణ్మయి స్టూలు దగ్గరికి వచ్చింది.

“ఎవరికోసం దాచావు పైడమ్మా ఇవి?”

“ఎవులి కోసమూ నేదమ్మా. నీ పసుపు చుక్కలే. ఎవులూ ముట్టడం నేదని దాసీసినాను. ఒక్క అబద్ధం ఆడితే ఒట్టు. తీసి ఎట్టినానన్నాను, తీసే కదా ఎట్టినాను!”

ముప్పయ్యో రోజున గుమ్మం మీద అంకె ముప్పై ఎనిమిది. విక్రాంత్ స్వయంగా వచ్చాడు. “అద్భుతం డాక్టర్! చుక్క గెలిచింది” అంటూ ఒప్పందం తెరిచాడు. నోరు మూసుకుంటే చాలు, పదకొండేళ్ల శ్రమ దేశమంతా వెలుగుతుంది. మృణ్మయికి ఒక్క క్షణం అలాగే చేద్దామనిపించింది కూడా.

“గెలిచింది చుక్క ఒక్కటే కాదు సార్. ఇలా రండి” అంది.

గుడ్డ కథంతా చెప్పింది. పైడమ్మ గుడ్డ లాగి, పాకెట్లన్నీ వరసగా చూపించింది. విక్రాంత్ పడీ పడీ నవ్వాడు.

“మన కస్టమర్లు మరీ ఇంత అమాయకులా!”

“ఆహారం పాడవలేదని చుక్క హామీ ఇచ్చింది. జనం చేత కొనిపించింది పైడమ్మ. రెండూ కావాలి” అంది మృణ్మయి తడుముకోకుండా.

“రాసుకోండి. నాలుగు వేల దుకాణాలకు తాజాచుక్క, నాలుగు వేల గుడ్డలు. శిక్షణ ఇచ్చేది పైడమ్మగారు” అని సంతకం పెట్టేశాడు విక్రాంత్.

గుమ్మం దాకా వెళ్లినవాడు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. పైడమ్మ మీదికి వంగి గొంతు తగ్గించాడు.

“అసలువి ఎక్కడ పెట్టారు?”

“ఇయ్యే బాబూ. ఇంకేటీ నేవు.”

“డాక్టర్‌గారికి చెప్పకపోతే పోనీ. నా దగ్గరా? నేను ఎండీని పైడమ్మగారూ!”

పైడమ్మ మృణ్మయి వైపు చూసింది. నిట్టూర్చింది. అటూ ఇటూ చూసి, గుడ్డ లాగేసిన ఆ అరలోంచే బాగా పసుపెక్కిన పాకెట్ ఒకటి తీసి, కాగితంలో చుట్టి చేతికిచ్చింది.

“ఎవులికీ సెప్పకండి.”

విక్రాంత్ దాన్ని కోటు లోపల దోపుకుని, రెండడుగులు వేసి, మళ్లీ తల తిప్పాడు.

“రేపు కూడా ఒకటి తీసి పెట్టండి.”