దాచిన జోడీ

గంట ఒక నిమిషం ముందే మోగింది.

కిటికీ పక్క టేబుల్ దగ్గర పగలబడి నవ్వుతున్న ఇద్దరూ ఉలిక్కిపడి తలెత్తారు.

"అప్పుడే ఐదు నిమిషాలు అయిపోయాయా?" అంది వాళ్లలో ఒకమ్మాయి. పియానోలు శ్రుతి చేయడం ఆమె పని.

"అయిపోయాయి. టేబుల్ మారండి," అంది గంట కొట్టిన అమ్మాయి, గోడ గడియారం వైపు చూడకుండా.

అది పుస్తకాల షాపు పై అంతస్తు. అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయిల కోసం అక్కడొక క్లబ్ నడుస్తోంది. ఒక ఆదివారం సినిమా, ఒక ఆదివారం పార్కులో నడక, ఇంకో ఆదివారం బోర్డ్ గేమ్స్. నెలలో చివరి ఆదివారం మధ్యాహ్నం మాత్రం పరిచయాలు. వచ్చినవాళ్లందరికీ తలా ఒక నంబరు. ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోవాలి, గంట మోగగానే టేబుల్ మారాలి. చివర్లో నచ్చినవాళ్ల నంబరు కార్డు మీద రాసివ్వాలి. ఇద్దరూ ఒకరి నంబరు ఒకరు రాస్తే జోడీ కుదిరినట్టే. ఒకరి ఫోన్ నంబరు మరొకరికి కవర్లో అందుతుంది. కుదరకపోతే ఖాళీ కవరు.

గంట కొట్టడం, కార్డులు చూడటం, కవర్లు పంచడం అన్నీ షాపు యజమానురాలి చెల్లెలి పనే. వారమంతా కళ్లద్దాల షాపులో ఉద్యోగం చేస్తుంది. ఇక్కడ మాత్రం ఆమె పేరు 'గంట'.

పరిచయాలు అయ్యాక, అందరి కార్డులూ తీసుకుని మెట్ల పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లి గంట తలుపు వేసుకుంది. కార్డులు తిప్పుతూ నాలుగో నంబరు దగ్గర ఆగిపోయింది. పియానో అమ్మాయి కార్డు. పోయిన నెల ఖాళీ. అంతకు ముందు నెలా ఖాళీ. ఆ ఖాళీ కార్డుల్ని గంట రెండు నెలలుగా తన పర్సులో దాచుకుని తిరుగుతోంది.

ఈసారి దాని మీద '11' అని ఉంది.

పదకొండో నంబరు కార్డు వెతికింది. పశువుల డాక్టరు. ఆరడుగుల మనిషి, వీధి చివరిదాకా వినిపించే నవ్వు. ఆ కార్డు మీద '4' ఉంది.

ఆ డాక్టరు నవ్వించినట్టు తను నవ్వించలేదా? నవ్వించేదేమో. కానీ గంట కొట్టేవాళ్లకి టేబుల్ ఎక్కడిది!

తలుపు తోసుకుని అక్క లోపలికొచ్చింది. "ఏమే, ఎన్ని జోడీలు తేలాయి?"

మూడు.

"రెండు," అంది గంట.

"అదేంటి, ముఖం అలా మాడిపోయింది?"

"ఉక్కగా ఉందక్కా."

బయట జోరున వర్షం. అక్క కిటికీ వైపు ఒకసారి, చెల్లెలి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. నాలుగో కార్డు, పదకొండో కార్డు గంట పర్సులోకి పోయాయి.

కవర్లు పంచడం అయిపోయింది. పియానో అమ్మాయి తన కవరు విప్పింది. తలకిందులుగా దులిపింది. అటు డాక్టరు కూడా అదే పని చేస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి గంట వైపు చూశారు.

గంటకి అర్థమైంది. వాళ్లు ముందే అనుకుని రాసుకున్నారు!

పియానో అమ్మాయి తిన్నగా ఆమె దగ్గరికి వచ్చింది. "నా కార్డు మళ్లీ ఒకసారి చూస్తారా?"

"చూశాను."

"సరిగ్గా చూశారా?"

"ఊళ్లోవాళ్లందరికీ కళ్లు పరీక్ష చేసేది నేనే."

"అయితే ఆ కార్డు ఇవ్వండి. నేనూ చూస్తాను."

గంట చెయ్యి పర్సు మీదికి పోయింది. ఇంక అబద్ధం మిగల్లేదు. నాలుగు, పదకొండు కార్డులు రెండూ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నేనే దాచాను."

"ఎందుకు?"

"మీరు ఆవిడతో అంతలా నవ్వుతుంటే చూడలేకపోయాను."

పియానో అమ్మాయి వేలెత్తి గోడ మీది నోటీసు చూపించింది. "అది రాసిందెవరు? వరసగా మూడు నెలలు ఖాళీ కార్డు ఇస్తే నాలుగో నెల కుర్చీ ఉండదని?"

"నేనే. కొత్తవాళ్లు చాలామంది ఎదురు చూస్తున్నారని..."

"నాకిది మూడో నెల. డాక్టరుగారికీ అంతే. పాపం, వారమంతా కుక్కలూ పిల్లులూ తప్ప ఆవిడతో మాట్లాడే దిక్కులేదు. కబుర్ల కోసం వస్తారు. కుర్చీ పోకుండా ఒకరి నంబరు ఒకరం రాసుకుందాం అనుకున్నాం. మీ రూల్‌ని ఎలా బోల్తా కొట్టించాలో చెప్పుకుంటూ అంతలా నవ్వుకున్నాం."

గంట ఆ నోటీసు వైపు చూసింది.

"మరి మీరు... మీరెందుకు వస్తున్నారు?"

"ఇన్నాళ్లూ ఖాళీ కార్డు ఎందుకిచ్చానో ఇంకా అర్థం కాలేదా? నాకు కావలసిన మనిషికి ఈ గదిలో నంబరే లేదు."

గంట ముఖం వెలిగింది. కానీ పియానో అమ్మాయి నవ్వలేదు.

"సంబరపడకండి. నాకు ఆవిడ నిజంగానే నచ్చి ఉంటే?"

గంట తల దించుకుంది. "అప్పుడూ దాచేదాన్నే. రేపు పొద్దున్నే మీకు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పేదాన్ని."

"ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో చెప్పకుండా వస్తారు. మిమ్మల్ని నమ్మి రాసిస్తారు ఆ కార్డులు. నాతో కాదు, ముందు వాళ్లతో మాట్లాడండి."

హాలు మధ్యకి నడవడానికి పది అడుగులు. గంటకి అవి పది మైళ్లు. నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఒక జోడీని దాచాననీ, అసూయతోనే దాచాననీ, తనని ఇక ఈ పనిలో ఉంచొద్దనీ.

ఎవరో తమ కవరు మళ్లీ విప్పి చూసుకున్నారు.

డాక్టరు గొంతు సవరించుకుంది. "మా క్లినిక్‌లో పిల్లులూ ఇంతేనమ్మా. పక్కదాన్ని ముద్దు చేస్తే చాలు, నా బూటు తడిపేసి పోతాయి. నువ్వు కవరుతో సరిపెట్టావు, నయం!"

హాలంతా గొల్లుమంది.

అక్క మాత్రం నవ్వలేదు. చెల్లెలి ముందు చెయ్యి చాపి గంట తీసేసుకుంది. "ఇకనుంచి ఇది నా పని. నువ్వు అందరిలాగే వెళ్లి కుర్చీలో కూర్చో." తర్వాత గొంతు తగ్గించింది. "ఆ పిల్ల ముందు కూర్చో, మొద్దూ! అమ్మ అడిగితే నేను చెప్తాలే."

పియానో అమ్మాయి ఎదుటి కుర్చీని కాలితో వెనక్కి జరిపింది. గంట కూర్చుంది. అద్దాల మీద వాన జారుతోంది.

"నాకు అసూయపడేవాళ్లంటే భయం," అంది చివరికి పియానో అమ్మాయి.

"మానేస్తాను. ఒట్టు."

"పూర్తిగా మానేయకు," అంది ఆమె. మొదటిసారి 'మీరు' పోయింది. "కొంచెం ఉంచుకో."

అప్పుడే డాక్టరు కారు తాళాలు ఊపుకుంటూ వచ్చింది. "వర్షం తగ్గేలా లేదు. నాలుగో నంబరుగారూ, మిమ్మల్ని ఇంటి దగ్గర దింపనా?"

"అక్కర్లేదు!" అంది గంట, కుర్చీలోంచి సగం లేచి.

పియానో అమ్మాయి నవ్వింది. ఈసారి ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.