తూర్పు కిటికీ

అచ్యుత్ వేసిన ప్లానును అంబిక మెచ్చుకోలేదు. క్యాంటీన్ బల్ల మీదున్న అతని లాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుని, చపాతీ నములుతూ పైనుంచి కిందిదాకా చదివి, "ఇది టూరా, అప్పులోళ్ళకి దొరక్కుండా పారిపోవడమా?" అని అడిగింది.

మంగళూరు, ఉడుపి, కుందాపురం, భట్కళ, హొన్నావర, గోకర్ణ, కార్వార్. రోజుకో ఊరు, రాత్రికో లాడ్జి. అచ్యుత్‌కు అందులో తప్పేమీ కనబడలేదు. ఆఫీసులో ప్రయాణాల విషయంలో అతనికి కాస్త పేరుంది. బెంగళూరు హెబ్బాళ దగ్గరున్న ఆ గాజు భవనంలో ఎవరు సెలవు పెట్టుకున్నా ముందు అతని సీటు దగ్గరకు వచ్చి ఎక్కడికి వెళ్ళాలో అడిగి వెళ్ళేవారు. సముద్రం సంగతైతే ఇక చెప్పనే అక్కర్లేదు. భీమునిపట్నంలో పుట్టినవాడు. అలల చప్పుడు లేనిదే నిద్రపట్టని పిల్లవాడిగా పెరిగి, బెంగళూరు వచ్చాక రింగ్ రోడ్డు లారీల హోరునే అలలనుకుని నిద్రపోవడం నేర్చుకున్నాడు.

అంబికది దొడ్డబళ్ళాపురం. పట్టుచీరలు నేసే ఇల్లు. ముత్తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. ఆమె సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. వాళ్ళ అవ్వ భాగీరథమ్మ ఫోన్లో కూడా చూడలేదు. అసలుదాన్ని చూసేదాకా బొమ్మను చూడనని పట్టుబట్టి కూర్చుంది.

"మా అవ్వ ఒక ఊర్లో దిగి మూట విప్పేసరికే పూట గడుస్తాది," అంది అంబిక. "ఆమె దిండు, ఆమె చెంబు, ఆమె కాఫీ పొడి, అన్నీ బయటికి రావాల. తెల్లారి మళ్ళీ కట్టమంటే నన్ను కొడతాది. రెండే ఊర్లు పెట్టు అచ్యుత్. ఒక ఊర్లో దిగి సగం తీరం చూద్దాం, ఇంకో ఊర్లో దిగి మిగతాది."

ఆ తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. అవ్వ రోజూ తెల్లవారుజామున మిద్దె ఎక్కి, సూర్యుడు కనబడ్డాక నీళ్ళు వదిలి, ఆ తర్వాతే కాఫీ తాగుతుంది. మబ్బు పట్టిన రోజు, మబ్బు తొలగేదాకా అలాగే ఉంటుంది. వానాకాలంలో ఒక్కోసారి మధ్యాహ్నం దాటిపోతుంది. ఆమెకు ఎప్పటినుంచో ఒకటే కోరిక. సూర్యుడు సముద్రంలోంచి పుడుతుంటే చూడాలి, ఆ సముద్రపు నీళ్ళే దోసిట్లోకి తీసుకుని ఆయనకు ఇవ్వాలి. వచ్చే నెలలో ఆమెకు మోకాళ్ళ ఆపరేషన్. కోయించుకున్నాక ఎలా ఉంటానో ఏమోనని భయం. ముందే సముద్రం చూపిస్తానని అంబిక మాట ఇచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పింది, బస్సు టైము చెప్పినంత మామూలుగా. టూరు నుంచి తిరిగి రాగానే హిందూపురం నుంచి ఆమెను చూడటానికి పెళ్ళివారు వస్తున్నారట.

అచ్యుత్ టీ కప్పు కింద పెట్టాడు. ఏడాదిగా ఆమెకు చెప్పాలనుకుంటున్న మాట ఒకటి అతని దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు దానికి ఎంతో సమయం లేదు. ఈ ప్రయాణం బాగా జరిగితే, ఆ అవ్వ ముఖంలో సంతోషం చూస్తే, అప్పుడు ధైర్యంగా అడగవచ్చు. జరగకపోతే అడిగే ముఖం ఉండదు.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఊళ్ళ కోసం పోట్లాడుకున్నారు. అతను గోకర్ణ అంటే ఆమె మెట్లు ఎక్కువన్నది. ఆమె ఉడుపి అంటే అతను సముద్రం దూరమన్నాడు. దోసెలు దగ్గరున్నాయి కదా అని ఆమె. దోసెల్లోంచి సూర్యుడు రాడు కదా అని అతను. చివరికి మ్యాపులో పైన హొన్నావర, కింద కుందాపురం అని కుదిరింది. కుందాపురం దగ్గర ఇసుకను ఆనుకుని ఒక ఇల్లు అద్దెకు దొరికింది. ఇంటి ఫోటోల్లో ఒకటి చూడగానే ఇద్దరి వాదనా ఆగిపోయింది. తెరిచిన కిటికీ. అందులో సముద్రం. సముద్రం అంచున సగం మునిగిన ఎర్రటి సూర్యుడు.

"ఇదే," అన్నాడు అచ్యుత్.

"ఇదే," అంది అంబిక, గొంతు తగ్గించి.

మొదటి రోజు కింద అతను రాసుకున్నాడు: సూర్యోదయం, కిటికీలోంచే.

ఆ ఆదివారం అవ్వ అతన్ని ఇంటికి పిలిపించింది. ఆ ఇంట్లో పవర్‌లూమ్‌ల చప్పుడుకు అందరూ కేకలేసినట్టే మాట్లాడుకుంటారు. అంబిక నాన్న ఓబులేష్ పెళ్ళి చీరల ఆర్డరు మీద ఉన్నాడు, మగ్గాలు వదిలి రావడానికి లేదు. డ్రైవర్ని పెడతానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. అచ్యుత్‌ను ఎగాదిగా చూసి, "సముద్రం ఎట్ల ఉంటాదప్పా?" అంది.

పుట్టినప్పటి నుంచి చూసినదే. అయినా ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. "అది ఆగదు అవ్వగారూ," అన్నాడు.

"మా మగ్గం మాదిరా?"

"మగ్గం కరెంటు పోతే ఆగుతుంది. అది ఆగదు."

అవ్వ తల ఊపింది. "గారు గీరు వద్దు. అవ్వా అను చాలు." తర్వాత కొడుకు వైపు తిరిగి, ప్లాను వేసినవాడే కారు తోలాలని, తప్పు జరిగితే తిట్టేందుకు మనిషి దగ్గరుండాలని తేల్చేసింది.

డిసెంబరులో ఒక చల్లని పొద్దున బయల్దేరారు. ఘాట్ రోడ్డు దిగి కుందాపురం చేరేసరికి చీకటి పడిపోయింది. ఇంటి యజమానురాలు జెస్సీ, అడగకుండానే వేడి గంజి, మామిడికాయ ఊరగాయ తెచ్చి పెట్టింది. అవ్వ కిటికీ దగ్గర మంచం వేయించుకుని, చీకట్లో అలల చప్పుడు వింటూ పడుకుంది. దీపం వేయబోతే వద్దంది. ముందు చెవులతో చూడనీ అంది.

తెల్లవారకముందే ముగ్గురూ ఇసుకలోకి వచ్చారు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. చెంబు ఒళ్ళో పెట్టుకుని, జెస్సీ ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో సముద్రానికి ఎదురుగా కూర్చుంది. ముందు బూడిదరంగు వెలుగు వచ్చింది. నీళ్ళు కనబడ్డాయి, నీళ్ళ వెనక నీళ్ళు, వాటి వెనక ఇంకా నీళ్ళు. అవ్వ చేయి తడుముకుంటూ వెళ్ళి మనవరాలి చేతిని పట్టుకుంది. అంబిక కూడా నీళ్ళ వైపే చూస్తోంది. వాళ్ళిద్దరినీ చూస్తుంటే, చిన్నప్పటి నుంచి చూస్తున్న సముద్రం అచ్యుత్‌కు కూడా ఆ పొద్దునే మొదలైనట్టనిపించింది.

వెలుగు పెరిగింది. సముద్రం అంచు మాత్రం ఎర్రబడలేదు.

అచ్యుత్ మెడ వెనక వెచ్చగా ఏదో తగిలింది. తిరిగి చూశాడు. కొబ్బరి చెట్ల వెనక, దూరంగా ఉన్న కొండల మీద, సూర్యుడు హాయిగా పైకి వచ్చేసి ఉన్నాడు.

భీమిలిలో సముద్రమంటేనే తూర్పు. ఎవరికైనా దారి చెప్పాలంటే సముద్రం వైపు, కొండ వైపు అని చెబుతారు. అతను దేశానికి ఇటుపక్క, పడమటి తీరానికి వస్తూ, సముద్రంతో పాటు తూర్పును కూడా తెచ్చుకున్నాడు. ఆ ఫోటోలో సూర్యుడు పుట్టడం లేదు, మునుగుతున్నాడు.

అంబిక కూడా తిరిగి చూసింది. ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది.

"ఆ ఫోటో సాయంత్రానిదా?" అంది.

అతను తలూపాడు.

"నిన్ను నమ్మి నేను అవ్వకు మాటిచ్చినా అచ్యుత్," అంది. అంతే. కేకలేసి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

అవ్వ ముఖంలో ఏదో ఆరిపోయి, మళ్ళీ సర్దుకుంది. కుర్చీ ఇటు తిప్పమంది. కొబ్బరి చెట్ల వైపు చెంబుతో నీళ్ళు వదిలింది, దండం పెట్టింది, కాఫీ అడిగింది. తాగుతూ ఇసుక మీద తన నీడను చూసింది. అది పొడుగ్గా సాగి అలల దాకా పోయింది. "చూడే, నాకంటే ముందు నా నీడ దిగేసింది నీళ్ళలోకి," అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజంతా కార్లో మాటల్లేవు. మరవంతె దగ్గర రోడ్డుకు ఒక పక్క నది, ఒక పక్క సముద్రం. అవ్వ ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తల తిప్పుతూనే ఉంది, ఏది వదిలేస్తే ఏది పోతుందోనని. అచ్యుత్ అటూ ఇటూ చూడకుండా తోలాడు. కాఫీకి ఆగినప్పుడు, సూర్యుడు సముద్రంలోంచి వచ్చే తీరానికి ఇప్పుడే బయల్దేరదామన్నాడు. అంత దూరం తన మోకాళ్ళు తట్టుకోలేవని అవ్వ అంది. అయితే వాళ్ళను జెస్సీ ఇంటి దగ్గర దింపి తను బస్సెక్కి వెళ్ళిపోతానన్నాడు.

"కారు ఎవురు తోలాల? అవ్వనా?" అంది అంబిక.

ఆ మాటలో కోపమే ఉంది. అయినా పొద్దుటి నుంచి ఆమె తనతో అన్న మొదటి మాట అది. అచ్యుత్ దాన్ని కూడా భాగ్యంగానే తీసుకున్నాడు.

సాయంత్రం అవ్వే అడిగింది, మళ్ళీ ఇసుకలోకి తీసుకెళ్ళమని. పొద్దున వచ్చినవాడు ఎటు పోతాడో చూడాలట.

అప్పుడు ఆ తీరం వేరే లోకంలా ఉంది. సూర్యుడు పెద్దవాడై, చూడటానికి వీలైనంత మెత్తబడి, సముద్రం మీదికి వంగాడు. నీళ్ళ మీద ఎర్రటి దారి ఒకటి ఆయన దగ్గర నుంచి తిన్నగా అవ్వ పాదాల దాకా వచ్చి ఆగింది. ఇసుకలో నడుస్తున్నవాళ్ళు నడవడం మానేశారు. ఎక్కడో మొరుగుతున్న కుక్క కూడా ఊరుకుంది. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా జరగడం చూసి అచ్యుత్ తన తప్పునే మరిచిపోయాడు. ఎందరికో దారి చెప్పాడు గానీ ఈ తీరానికి తనెప్పుడూ రాలేదు, అతనికీ ఇది కొత్తే. సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి అతను ఎన్నడూ చూడలేదు.

అవ్వ లేచింది. చెరో పక్క పట్టుకుంటే అలల్లోకి నడిచింది. చీర అంచు తడిసింది. వంగలేకపోతే ఇద్దరూ ఆమెను మెల్లగా వంచారు. దోసిటినిండా సముద్రం తీసుకుని, మునిగిపోతున్న సూర్యుడికి ఎత్తి ఇచ్చింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా జారాయి.

"ఇన్నేండ్లూ పొద్దు పుట్టేటప్పుడు దండం పెట్టి పనికి కూర్చుంటి," అంది. "పొద్దు మునిగేటప్పుడు ఎప్పుడూ మగ్గం ముందరే. వచ్చినోడికి నీళ్ళిస్తి గాని, పోయేటోణ్ణి ఒక్కనాడూ సాగనంపలేదు. పాపం, ఆయప్ప ఎట్ల పోతాడో కూడా నాకు తెలీదు." కళ్ళు తుడుచుకుంది. "నువ్వు సరిగ్గా తెచ్చి ఉంటే ఇది చూసేదాన్ని కాదప్పా."

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరూ కాస్త దూరం నడిచారు. ఆకాశంలో వెలుగు ఇంకా ఉంది.

"సముద్రం పక్కనే పుట్టినోడివి," అంది అంబిక. "నీకెట్ల దిక్కు తప్పింది?"

దాచడానికి ఇక ఏమీ లేదనిపించింది అతనికి. "ప్లాన్ వేసేటప్పుడు దిక్కులు చూళ్ళేదు. నిన్నే చూశాను. నువ్వు పొద్దున లేస్తావు, కిటికీ తెరుస్తావు, ఎదురుగా సూర్యుడు సముద్రంలోంచి వస్తుంటాడు. అదొక్కటే నా కళ్ళముందు ఉంది. ఇవాళంతా కారు తోలుతూ ఆలోచించాను. ఆ కిటికీ ఇక్కడిది కాదు అంబికా. భీమిలిలో మా ఇంటిది. మేడ మీది గదిలోది."

ఆమె నడక ఆపింది. అల ఒకటి వచ్చి ఇద్దరి పాదాలనూ తడిపి వెళ్ళింది.

"ఎప్పటి నుంచి తెరుస్తా ఉండా నేను, ఆ కిటికీ?"

"ఏడాది నుంచి. దాని రెక్క బిగుసుకుపోతుంది, భుజం పెట్టి నెట్టాలి. నువ్వు రోజూ దాన్ని తిట్టుకుంటూ తెరుస్తావు."

అంబిక నవ్వాపుకోవాలని చూసింది, కుదరలేదు. ఆ నవ్వు చివర ఆమె కళ్ళలో తడి మెరిసింది. పొద్దుటి నుంచి తను మోస్తున్న కోపం ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియలేదు. అతను తనకు చెప్పినది అబద్ధం కాదు, వేరే ఊరి నిజం.

"మీ నాన్నగారితో నేను మాట్లాడనా?" అన్నాడు అచ్యుత్. "ఆ హిందూపురం వాళ్ళు..."

"వాళ్ళకు రావద్దని నేను చెబుతా," అంది ఆమె. "నాన్నతో నువ్వు మాట్లాడు. గట్టిగా మాట్లాడు, మగ్గాల చప్పుడుకు వినబడదు."

అవ్వ పిలిచింది. మోకాళ్ళు పట్టేశాయి, లేపాలి. ఇద్దరూ వచ్చి చెరో చేయి అందించారు. ఆమె వాళ్ళ ముఖాలు మార్చి మార్చి చూసింది. అచ్యుత్‌ను అడిగింది.

"మీ ఊర్లో పొద్దు సముద్రంలోంచే పుడతాదా అప్పా? నిజంగా?"

"నిజంగా అవ్వా. పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నాను."

"అట్లయితే మోకాళ్ళు బాగైనాక వస్తా. నన్ను లాడ్జిలో దించొద్దు. ఇంట్లోనే దించు."

అని, ఇద్దరి చేతుల మీదా బరువేసి మెల్లగా లేచింది. లేచి నిలబడ్డాక కూడా ఆ రెండు చేతులనూ వదల్లేదు. వాటిని తన పొట్ట దగ్గరకు తెచ్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన తన తడి అరచేయి ఆనించి, చీకటి పడుతున్న సముద్రం వైపు చూస్తూ నిలబడింది.