సిరసు వేట

మిట్టమధ్యాహ్నం...!

నడివేసవి కత్తిరి ఎండ కాట్పాడిని కాల్చుకు తింటున్న వేళ. పిశాచాలకు అర్ధరాత్రే ముహూర్తమని ఎవరు చెప్పారో గానీ, వేలూరు సీమలో వాటికి పొద్దు నడినెత్తికి వచ్చే ఉచ్చివేళను మించిన ఘడియ లేదు! మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోయి, వీధికుక్క కూడా కాలువలో దిగి పడుకున్న ఆ సమయంలో... మబ్బు తునక లేని ఆకాశంలో ఉరుము! పట్టపగలు గుడ్లగూబ కూత! రైలు కట్టకు ఆనుకుని ఉన్న ఓ మేడ మీది గదిలో, కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి, పార్థిబన్ అనే నికృష్టుడు కపాలానికి కుంకుమ పూస్తున్నాడు.

క్షుద్రోపాసకుడు అనగానే జడలూ గడ్డమూ ఊహించుకోకండి. వీడిది ఇస్త్రీ చొక్కా, ఏసీ గది, గోడంత తెర. వీడు తయారుచేసిన గేము పేరు ‘తలల వేట’. శిథిలమైన రాజ్యం, నెత్తురు కక్కే చంద్రుడు, శ్మశానాలు కాసే రాక్షసులు... ఒంటరి వేటగాడు వాటి తలలు నరికి మొలకు కట్టుకుంటూ పోవాలి. తల తెగిన కొద్దీ లెవెల్ పెరుగుతుంది, కొత్త స్కిల్ వస్తుంది. ఇలాంటి గేములు లోకంలో కోకొల్లలు. కానీ వేటగాడి ఒంట్లోకి వచ్చే ఆ బలాన్ని వీడు బతికున్న మనిషి ఒంట్లోంచి పిండుతాడు. అందులో సగం వీడికే చేరుతుంది.

ఆ పాపిష్టి కపాలానికి ఎదురుగా యువరాణి అనే కాలేజీ పిల్ల కూర్చుంది. గుడియాత్తం నేతగాళ్ళ పిల్ల, కాట్పాడిలో చదువుతోంది. తల్లీతండ్రీ లేని దాన్ని అవ్వ రాజాంబాళ్ గుంటమగ్గంలో కూర్చుని లుంగీలు నేసి పెంచింది. గేముల్లో ఈ పిల్లను ఓడించేవాడు కాలేజీలో లేడు. అందుకే ఆ రాబందు చూపు ఆమె మీద పడింది. విడుదలకు ముందు నా గేము ఆడి చూడు, తెర మీద నీ పేరు వేస్తానన్నాడు. పిల్ల పొంగిపోయింది.

“తెమ్మన్నది తెచ్చినావా పాపా?”

“తెచ్చినా అన్నా. మా అవ్వ మగ్గం మింద పోగు. దీన్తో ఏం చేస్తావు?”

“గేముకు రాసి, కలిసొస్తాది. నీ వేటగానికి తాయెత్తు అనుకో. చదువుకున్న పిల్లవి, దీనికే భయపడతావా?”

నవ్వుతూ ఆ పోగును కపాలానికి చుట్టాడు. తన మొలతాడులోంచి లాగిన నల్లపోగును దాని పక్కనే చుట్టాడు. రెండు కొనలూ వేలాడుతున్నాయి. అవి ఒకదాన్నొకటి తాకకూడదు... అది వాడి విద్యకు కట్టుబాటు! కొన వదులుగా ఉంటేనే అవతలి ప్రాణం ఇటు జారుతుంది, మళ్ళీ అటు పోలేదు. పార్థిబన్ కర్పూరం కోసం వెనక్కి తిరిగాడు.

నేతగాళ్ళ ఇంట్లో పోగు కొన వేలాడితే చూస్తూ ఊరుకునేవాళ్ళు ఎవరు? మగ్గం మీది నిలువుపోగుల పడుగు అయిపోయినా, వాటిని పట్టి ఉంచే దువ్వెనలాంటి అచ్చులోంచి పూర్తిగా లాగరు. పాత కొనలకు కొత్త కొనల్ని ఒక్కొక్కటిగా, బూడిద అద్దిన వేళ్ళతో పురిపెట్టి అతుకుతారు. రాజాంబాళ్ మగ్గం ఆమె అత్తగారి కాలం నుంచి ఒక్కనాడూ ఖాళీ కాలేదు. యువరాణికి మగ్గమంటే ఒళ్ళుమంట. అయినా వేళ్ళు ఆ ఇంట్లో పెరిగినవే కదా! కపాలం ముందున్న పళ్ళెంలోని చితాభస్మం వేలికి తగిలింది, బొటనవేలూ చూపుడువేలూ కలిసాయి, రెండు కొనలూ ఒక్క పురితో ఏకమయ్యాయి. తను చేసిన పని ఆ పిల్లకే తెలియలేదు. ఎర్రదీపం మసక వెలుతురులో ఆ దుర్మార్గుడికీ కనబడలేదు.

వేట మొదలైంది!

మొదటి పిశాచి ఊరి మురుక్కాలువలో పాకే అల్పప్రాణి, ఒక్క వేటుకే చచ్చింది. తర్వాత వచ్చాయి అసలైనవి... శవాలను ఈనే రాకాసి, మంటలు తాగే మృగం, పదితలల గబ్బిలం! యువరాణి వేళ్ళు కంట్రోలర్ మీద మెరుపుల్లా కదిలాయి. రోజూ వచ్చి ఆడగా ఆడగా, కొన్నాళ్ళకు ఆ వేళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. కళ్ళు తేలేసి, మొగగొంతుతో “తల... ఇంకో తల కావాల!” అని ఆమె గర్జిస్తుంటే, పార్థిబన్ వికటంగా నవ్వేవాడు. వాడి నెరిసిన వెంట్రుకలు నల్లబడుతున్నాయి.

వేటగాడి కత్తికి పదును వచ్చిన రోజున, గుడియాత్తంలో రాజాంబాళ్ చేతిలోంచి అడ్డపోగు నడిపే నాడె జారిపడింది. మళ్ళీ పట్టు దొరకలేదు. వేటగాడికి చీకట్లో చూపు వచ్చిన రోజున అవ్వకు ఎరుపూ పచ్చా ఒకటైపోయాయి. వేటగాడి గర్జనకు రాక్షసులు కొయ్యబారిన రోజున అవ్వ గొంతు మూగబోయింది.

పక్కింటి కుప్పమ్మ ఫోన్ చేసింది. “పాపా, యాడ ఉండావు? అవ్వ మాట్లాడదు, గంజి తాగదు. డాక్టరు ఒకటీ లేదంటాడు. ఒక దపా వచ్చి చూసి పోమ్మా!”

“ఈ లెవెల్ అయినాక వస్తా అత్తా” అంది యువరాణి. ఛీ! ఎంత మాయలో ఉంటే ఆ మాట వస్తుంది?

ఆ లెవెల్ అయింది. తెర మీద కొత్త స్కిల్ వెలిగింది: ‘అతుకు’. వేటగాడి తెగిన గాయాలను తిరిగి కలిపే విద్య. యువరాణి మీట నొక్కింది. వేటగాడు మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీది బూడిదలో వేళ్ళు అద్ది, చూపుడువేలిని నాలుకకు తాకించి, తల కొంచెం ఎడమకు వాల్చి... తన గాయానికి పురిపెట్టాడు.

యువరాణి తెర దగ్గరికి వంగింది. నాలుకకు వేలు తాకించడం, తల ఎడమకు వాల్చడం... అది అవ్వ! పుట్టినప్పటి నుంచి చూసిన అవ్వ చేతులు! వాటిని ఏ కంప్యూటరూ కల్పించలేదు.

“అన్నా... ఇది మా అవ్వ చెయ్యి. నువ్వు ఏం చేసినావు?”

“నేనా?” పార్థిబన్ పళ్ళికిలించాడు. “నరికింది నువ్వు. లెవెల్ ఎక్కింది నువ్వు. నేను పోగు చుట్టినా, అంతే.”

“నాకు ఈ గేమొద్దు. మా అవ్వను విడిచిపెట్టు.”

“మధ్యలో విడిస్తే ముసిలిది ఈ పొద్దే పోతాది. వైకాసి ఒకటో నాడు ఉచ్చివేళకు వచ్చి ఆఖరి వేట ఆడు. ఆ తల నరికితే అన్నీ తిరిగి ఇస్తా. శరియా?”

అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ అవ్వ ప్రాణం వాడి గుప్పిట్లో ఉంది.

వైకాసి ఒకటి, అరవల నెల మొదటి రోజు! గుడియాత్తంలో గంగమ్మ సిరసు తిరునాళ్ళ. తెగిన అమ్మవారి శిరస్సు పూలమాలల్లో మునిగి, జనసముద్రం మీద తేలుతూ, గుడికి వెళ్ళి మొండేనికి అతుక్కుని కన్ను తెరిచే రోజు. ఆ రోజు ఆఖరి వేటకు తెర తీస్తే... ఓరి పాపాత్ముడా! నెత్తురు ఆకాశంలో వేలాడుతున్నది ఆ తల్లి శిరస్సే! కళ్ళు మూసి ఉన్నాయి. కింద బండ మీద తలలేని దేహం పడి ఉంది. అమ్మవారినే ఆఖరి రాక్షసిగా పెట్టుకున్నాడు, నరికించి ఆ శక్తిని మింగడానికి!

“నరుకు!” అని అరిచాడు.

పక్కన స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లోంచి తిరునాళ్ళ పంబ డప్పుల మోత వినిపిస్తోంది. అవ్వ మంచం పక్కన కుప్పమ్మ కూర్చుని ఉంది. యువరాణి వేళ్ళు తమంతట తామే కత్తిని విసిరాయి. శిరస్సు మీద చిన్న గాటు పడింది. ఫోన్‌లో అవ్వ మూలిగింది.

“అయ్యో, అవ్వకు ఊపిరి అందలేదు పాపా!” కుప్పమ్మ గోడుగోడున ఏడ్చింది.

ఆ ఏడుపు యువరాణిని పట్టిన మైకాన్ని చీల్చింది. పళ్ళు బిగించి, తనవి కాని వేళ్ళను తనవిగా వంచి, వేటగాడి చేత కత్తి కింద పడేయించింది. ఈ కత్తి పదును అవ్వ పట్టు. ఈ చూపు అవ్వ కళ్ళు. వీటితో నరికితే తెగేది అవ్వే! ఇంక మిగిలింది ఒక్క విద్య...

‘అతుకు’ నొక్కింది.

వేటగాడు బూడిద అద్దుకున్నాడు. తల ఎడమకు వాల్చాడు. తల్లి శిరస్సును రెండు చేతులా దించి, మొండేనికి ఆనించి, పోగు తర్వాత పోగు పురిపెట్టసాగాడు.

“ఏం చేస్తా ఉండావే చండాలీ! నరకమంటే అతుకుతావా? ఆపు!” పార్థిబన్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె కంట్రోలర్ వదలలేదు. ఫోన్‌లో ఒక్కసారిగా పంబలు మిన్నంటాయి. “అమ్మ కన్ను తెరిచింది...! గంగమ్మా! తాయీ!” ఊరంతా ఒక్క గొంతై అరిచింది.

తెర మీద కూడా కళ్ళు తెరుచుకున్నాయి!

ఆ చూపు నేరుగా పార్థిబన్ మీద నిలిచింది. ఫెళఫెళార్భటితో ఉరుము! నల్లగుడ్డలు భగ్గుమన్నాయి! వాడు కపాలం వైపు పరుగెత్తి, కొనలను చూశాడు... అప్పుడు చూశాడు, ఇన్నాళ్ళూ చూడనిదాన్ని! చిన్న పురి. పిల్లవేళ్ళ పురి. అవ్వ పోగూ వాడి మొలతాటి పోగూ ఒక్కటైపోయి ఉన్నాయి. అతికిన పోగు రెండు వైపులా లాగుతుంది!

అమ్మ లాగింది.

మొదట వాడి గొంతు పోయింది, కేక సగంలోనే ఆగింది. తర్వాత చూపు పోయింది. గోడలు తడుముకుంటున్న వాడి చేతులు చచ్చుబడ్డాయి. దొంగిలించిన యవ్వనమూ, దానితో సొంత ఆయుష్షూ పోగు వెంట బిరబిరా వెళ్ళిపోయాయి. కపాలం భళ్ళున పగిలింది. వాడు నిలుచున్న చోట ఇస్త్రీ చొక్కా, గుప్పెడు బూడిద మిగిలాయి.

తెర మొదటి లెవెల్‌కు తిరిగిపోయింది. మురుక్కాలువలో ఆ అల్పపిశాచి పాకుతోంది. దానికి పార్థిబన్ ముఖం! నోరు తెరిచి, చేతులు జోడించి, గాజు వెనక నుంచి వేడుకుంటోంది. ‘ఆటను సేవ్ చేయాలా?’ అని తెర అడిగింది.

“నువ్వు మా అవ్వను విడిచినావా?” అంది యువరాణి. వద్దు అని నొక్కింది.

గుడియాత్తం చేరేసరికి సందులనిండా తిరునాళ్ళ పూలు తొక్కుడుపడి ఉన్నాయి. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. యువరాణి గడపలోనే కూలబడి ఏడ్చేసింది.

“ఇప్పుడు వచ్చినావా మారాణీ? కుప్పమ్మ ఎన్ని దపాలు పిలిచింది?” అవ్వ గొంతు ఖంగుమంది. “ఏడ్చింది చాలు. ఆ పోగు తెగిండాది చూడు, అతుకు.”

యువరాణి కళ్ళు తుడుచుకుని బూడిద అద్దుకుంది. వేళ్ళు కలిపింది. పోగు జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. అవ్వ నుంచి తీసుకున్నదే కాదు, చిన్ననాటి నుంచి వేళ్ళకు అబ్బినది కూడా ఆ పోగు వెంట వెళ్ళిపోయింది.

“అవ్వా... నాకు రాలేదు.”

రాజాంబాళ్ మనవరాలి వేళ్ళను తన చేతిలోకి తీసుకుని చూసింది. గుంటలో పక్కకు జరిగి చోటిచ్చింది.

“రా నాయనా, కూర్చో. మొదట్నుంచి నేర్పిస్తా.”