ఎటు చూసి గద్దించాడు

పొద్దుటినుంచీ ఆకాశం ఎటూ తేలకుండా ఉంది. మబ్బు కమ్ముకొస్తుంది, చినుకు పడుతుందనుకునేలోగా పక్కకు జరుగుతుంది, కాస్త వెలుగొస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లికి సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. వెలుగు వచ్చినప్పుడల్లా దారం కొస తడిచేసి గురిపెట్టేది. గురి కుదిరేసరికి వెలుగు పోయేది.

అయినా ఆమె మనసు దారం మీద లేదు. ఈపాటికి పనికి వెళ్లిపోవలసిన కూతురు వంటింట్లో బల్ల ముందు కూర్చుని చల్లారిపోయిన టీ వైపు చూస్తోంది. అల్లుడు ఎదురుగా నిలబడి ఏదో అడుగుతున్నాడు. అడగడమంటే చేతులతో. కూతురికి పుట్టు చెవుడు. అల్లుడికి చెవులు బాగానే ఉన్నాయి. చెవిటివాళ్లకూ వినేవాళ్లకూ మధ్య మాట చేరవెయ్యడమే అతని ఉద్యోగం. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, ఎక్కడ పిలిస్తే అక్కడ. తెలిసినవాళ్లంతా దుబాసీ అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ పని జీతం లేకుండా చేస్తాడు, అత్తకూ భార్యకూ మధ్య.

"ఏమంటోంది?" అని అడిగింది తల్లి.

"తలనొప్పిట, అత్తయ్యా."

"అంతసేపు చేతులు తిప్పితే తలనొప్పి ఒక్కటేనా వచ్చింది?"

"సారాంశం చెప్పానండీ."

అల్లుడి సారాంశాలు ఆమెకు కొత్త కాదు. చూపు మందగించి తన కుట్టుకొట్టు మూసి ఈ ఇంటికొచ్చిన నాటినుంచీ అతను ఇద్దరి మాటలకూ గరుకు తీసి, అంచులు మడిచి అందిస్తున్నాడు. కూరలో సముద్రం పోసిందా అని ఆమె అంటే, అతని చేతుల్లో అది కూర బాగుంది, ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువ అని మారిపోయేది. అటునుంచీ అంతే. అందువల్ల ఇల్లు ప్రశాంతంగానే ఉంది, తల్లి మాట కూతురికీ కూతురి మాట తల్లికీ తెలియకుండా.

ఆమెకు సైగలు రావు. రా, తిను, చాలు. అంతవరకే. పిల్ల చిన్నప్పుడు ఒక పెద్ద డాక్టరు, చేతులు అలవాటైతే నోరు ఎప్పటికీ రాదన్నాడు. ఆ మాట పట్టుకుని, పిల్ల చేతులెత్తినప్పుడల్లా తన చేతుల్లోకి తీసుకుని అదిమేసింది. నోరు రాలేదు. ఎన్ని తిప్పలు పడినా ఒకే ఒక్క మాట వచ్చింది. చేతులు మాత్రం బడికెళ్లాక వాటంతటవే వచ్చాయి, తల్లి కంటికి దూరంగా.

ఇప్పుడు ఆ చేతులే కూతురికి అన్నం పెడుతున్నాయి. బైబిలును సైగల భాషలోకి తెచ్చే బృందంలో ఆమె పని. అది అచ్చుపుస్తకం కాదు, వీడియో. ఒక్కో భాగాన్నీ నలుగురు చెవిటివాళ్లు కూర్చుని తర్కించి అర్థం తేలుస్తారు. తర్వాత ఒకరు కెమెరా ముందు నిలబడి చేతులతో, ముఖంతో చెబుతారు. మార్కు సువార్తకు మొదటినుంచీ ఆ నిలబడే మనిషి కూతురే. అందులో ఒక్క భాగం మిగిలిపోయింది. వాయిదా మీద వాయిదా వేస్తూ వచ్చింది. ఇవాళ కూడా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బృందం పెద్ద కబురు పెట్టాడు. పెట్టుకోండి, నేను పనే మానేస్తాను అని ఈమె జవాబు. తలనొప్పి కింద అల్లుడు దాచింది అదీ. తల్లి దారం చేత్తోనే వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చుని, నిలదీసి ఒక్కో ముక్కా రాబట్టింది.

ఏ భాగమది అంటే అతను నసిగాడు. ఒక తండ్రి దయ్యం పట్టిన కొడుకుని ప్రభువు దగ్గరికి తీసుకొచ్చే భాగం. ఆ దయ్యం చెవిటిది, మూగది.

తల్లి ముఖం విప్పారింది. ఆ భాగం ఆమెకు కంఠతా. పిల్లకు వినబడదని తెలిసిన నాటినుంచీ అదే ఆమె ప్రార్థన. అందులో ఆ తండ్రి కార్చిన కన్నీళ్లన్నీ తనవే అనుకుంటూ బతికింది.

"దానికేం కష్టం? ఎలా ఉంటే అలా చెప్పమను. దేవుడి మాటలో నచ్చింది తిని నచ్చంది పక్కన పెట్టడానికి ఇదేమన్నా అన్నంపళ్లెమా? నేను అన్నేళ్లు ప్రార్థించినా దాని చెవుడు పోలేదు కదా, ఆ మాటంటే దానికి కోపం. అంతే."

అల్లుడి చేతులు గాలిలో తటపటాయించి, తర్వాత చిన్నగా కదిలాయి. మంచి భాగం, చెయ్యమంటోంది అమ్మ.

కూతురు అరచేత్తో బల్ల మీద కొట్టింది. కప్పులో టీ తొణికింది. ఆమె చూస్తున్నది భర్త చేతుల్ని కాదు, తల్లి పెదవుల్ని. అతని వైపు తిరిగి ఏదో విసురుగా చెప్పింది. అతను తల దించుకున్నాడు.

"ఇవాళ ఏదీ మెత్తబెట్టొద్దంటోందండీ. మీరన్నది ఉన్నదున్నట్టు తనకి, తనన్నది ఉన్నదున్నట్టు మీకు. లేకపోతే నా దుబాసీతనం గడప బయటే వదిలి రమ్మంటోంది."

అతను వచ్చి అత్తగారి పక్కన నిలబడ్డాడు, కోర్టులో నిలబడ్డట్టు. ఆ పనిలో పద్ధతి ఒకటుంది. ఎవరి మాట చెబుతుంటే వాళ్లే అయిపోవాలి. ఆమె అంటోంది అనకూడదు, నేను అనాలి.

"నాకు ఆరేళ్లు," అంది అల్లుడి గొంతు. "కొత్త చెప్పులు కొన్నావు. స్వస్థత ప్రార్థనలు జరిగే పెద్ద గుడారానికి తీసుకెళ్లావు. ఆ జనంలో ఒక చెప్పు పోయింది. నీకు చెబుదామని చేతులెత్తితే పట్టుకుని అదిమేశావు. వేదిక ముందు నిలబెట్టావు. ఒకాయన నా ముఖం మీదికి వంగి అరిచాడు. నాకు వినబడదు కదా. ముఖమొక్కటే కనబడింది. పళ్లు, ఉబ్బిన నరాలు, ఎర్రటి కళ్లు. నీవైపు చూశాను. నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు. చెప్పు పోగొట్టినందుకు తిడుతున్నాడనుకున్నాను."

తల్లి చేతిలో మిగిలిన దారాన్ని వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. చదవడం వచ్చాక ఆ భాగం చదివాను. చెప్పు కోసం కాదని, నాలో దయ్యం ఉందని అరిచాడని అప్పుడు తెలిసింది. ఇప్పుడది నేను చెప్పాలి. నోటితో అయితే ప్రభువు దయ్యాన్ని గద్దించాడు అంటే సరిపోతుంది. చేతులతో చెప్పాలంటే ఎటు చూసి గద్దించాడో తేలాలి. చూపు లేకుండా మా భాషలో కోపం లేదు. పిల్లాడిని చూసి గద్దిస్తే నా ముఖం ఆ గుడారంలో మనిషి ముఖమైపోతోంది. అద్దం ముందు ఎన్నిసార్లు చేసినా అదే ముఖం. చూసే చెవిటి పిల్లలందరూ ఆ కోపం తమ మీదే అనుకుంటారు. పోనీ పక్కకు చూస్తే, దయ్యం పిల్లాడి లోపలుంటే పక్కన నిలబెట్టావేమిటని అనువాదం సరిచూసే పరిశీలకులు ఒప్పుకోరు. నావల్ల కాదు."

"అమ్మా."

ఆ చివరి మాట అల్లుడిది కాదు. కూతురే అంది, తన సొంత గొంతుతో, కాస్త వంకరగా. ఆమెకు నోటితో వచ్చిన ఒక్క మాట అదే.

తల్లి లేచి మిషను దాకా వెళ్లింది, ఏ పనీ లేక వెనక్కి వచ్చింది. గుడారం ఆమెకు బాగా గుర్తు. ఆయన గొంతు గుర్తు, పాటలు గుర్తు, తన ఏడుపు గుర్తు. ముఖమే ఎంత తవ్వుకున్నా రావడం లేదు. చూస్తే కదా వచ్చేది. ఆమె అంతా విన్నది, పిల్ల అంతా చూసింది. ఒకే చోట నిలబడీ ఇద్దరూ వేరువేరు చోట్లకు వెళ్లొచ్చారు.

"ఆ రాత్రి ఎత్తుకునే ఇంటికి తెచ్చాను," అందామె చివరికి. "ఒక్క చెప్పుతో ఎలా నడుస్తావని. భుజం మీద నిద్రపోయావనుకున్నాను."

అల్లుడు దేన్నీ మడవకుండా చేతులతో చెప్పాడు.

"నిద్రపోలేదు," అని వచ్చింది జవాబు.

తల్లి కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చింది. కూతురి ముంజేయి పట్టి లేపి, ఎడమచేత్తో నడుం దగ్గరికి లాక్కుంది. కుడిచెయ్యి పైకెత్తి వాకిలి వైపు చూసి కళ్లెర్రజేసింది, గుమ్మంలో ఏదో ఉన్నట్టు. అల్లుడు పక్కకు తప్పుకున్నాడు.

"కుక్క వచ్చి బిడ్డ కాలు పట్టుకుందనుకో. దాని పళ్లు బిడ్డ ఒంట్లోనే దిగి ఉంటాయి. అయినా బిడ్డ ముఖంలోకి చూసి అరుస్తామా? బిడ్డని దగ్గరికి లాక్కుని కుక్కని చూసి అరుస్తాం. ప్రభువు నాలా తెలివితక్కువవాడు కాదు కదా. అలాగే చూసి ఉంటాడు."

అల్లుడు అదంతా చేతులతో చెప్పాడు, కూతురు మాత్రం తల్లి ముఖాన్నే చూస్తోంది. ఆ కోపం కింద భయం ఉంది, ఆ భయం తన కోసం. అటువంటి గద్దింపు ఆమె ఇంతకుముందు చూడలేదు. తర్వాత వేళ్లతో తన రెండు చెవులూ ముట్టుకుని, కనుబొమలు ఎత్తి తల్లి వైపు చూసింది. ఇదీ దయ్యమేనా అని అడుగుతోందని అల్లుడు నోరు తెరిచేలోగానే తల్లికి అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. అది చాలదనిపించి చేతులు కూడా ఎత్తింది. రెండు అరచేతులూ గట్టిగా ఆడించింది. కాదు, కాదు.

"ఆ పిల్లాడి కథ ఆ పిల్లాడిది. నీ చెవులకీ దానికీ సంబంధం లేదు. నేనే తెచ్చి కొలత చూడకుండా నీకు తొడిగాను. ఇంతకాలం ఇంతమంది బట్టలు సరిచేశాను, అది మాత్రం విప్పలేదు."

అల్లుడు ఆ మాటలు చేతుల్లోకి ఎత్తుకునేసరికి అతని కళ్లు మసకబారాయి. మధ్యలో ఒకసారి ఆగి ముక్కు తుడుచుకోవలసి వచ్చింది.

స్టూడియోకి తల్లి కూడా వెళ్లింది. ఇనుపసామాను కొట్టు మీద ఒక గది, గోడకు నీలం గుడ్డ, రెండు దీపాలు. కూతురు గుడ్డ ముందు నిలబడేసరికి బయట ఆకాశం ఎట్టకేలకు ఒక నిర్ణయానికి వచ్చినట్టు ఉరిమింది. ఇంకో స్టూడియో అయితే ఆపేసేవారు. ఇక్కడ కెమెరా మనిషి కూడా చెవిటివాడే, తల తిప్పలేదు.

కూతురు పిల్లాడయింది, తండ్రయింది. తండ్రి ఏడుస్తూ నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఒప్పుకునే చోట, కనబడని దారాన్ని వేలికి చుట్టుకుంటోంది. తల్లి గోడ పట్టుకుంది. తర్వాత ఆ గద్దింపు. అరచెయ్యి పిల్లాడి వైపు కాపుగా ఉంది. కళ్లు మాత్రం పిల్లాడి ముఖం మీద లేవు, వాడిని కరిచి పట్టుకున్నదాని మీద ఉన్నాయి, అది బయటికి వచ్చి పారిపోయేదాకా దాన్ని తరిమాయి. చివర్లో, సువార్తలో రాసిన చోటే, పిల్లాడిని చెయ్యి పట్టుకుని లేపింది. ఎక్కడా గుడారంలో మనిషి రాలేదు.

బృందం పెద్ద, నెరిసిన జుట్టు మనిషి, మళ్లీ వేయించుకుని చూశాడు. ఇది పరిశీలకులకు తనే చూపించి ఒప్పిస్తానన్నాడు. ఈ చూపు ఎక్కడిదని అడిగాడు. కూతురు తల్లిని చూపించింది. ఆయన తల్లి వైపు తిరిగి చేతులతో ఏదో చెప్పాడు.

"బాగుందంటున్నారు," అన్నాడు అల్లుడు.

"అంతేనా?"

"ఈసారి నిజంగా అంతేనండీ."

ఇంటికొచ్చేసరికి వాన దంచి కొడుతోంది. తల్లి అన్నం వండి కూర చేసింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. చేతులు అన్నంలో ఉంటే ఆ ఇంట్లో మాటలుండవు. ఇన్నాళ్లూ ఆ నిశ్శబ్దంలో ఆమె గబగబా తినేసి లేచిపోయేది. ఈ పూట మెల్లగా కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కూరలో ఉప్పు కషాయం. తలెత్తి చూస్తే కూతురు తననే చూస్తోంది, నవ్వాపుకుని పెదవులు బిగబట్టి, భుజాలు కదులుతుండగా. ఎడమచేత్తో నీళ్ల గ్లాసు తల్లి వైపు జరిపింది. అల్లుడు తల వంచుకుని తన అన్నం తాను తింటున్నాడు.