చివరి కొట్లో కూత

ఆ కాంప్లెక్సు సెల్లార్లో చివరి కొట్టు వైపు చీకటి పడితే ఎవరూ వెళ్లరు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు అందులోనే షాక్ కొట్టి పోయాడు. అప్పట్నుంచీ షట్టరు దించే ఉంటుంది. కానీ రాత్రిళ్లు లోపల కీబోర్డు కొడుతున్న చప్పుడు... కాసేపటికి సన్నగా ఒక కూత... మళ్లీ నిశ్శబ్దం.

"ఇంకా రిపేర్లు చేస్తూనే ఉన్నాడు పాపం," అనేవాడు వాచ్‌మన్. నవ్వుతూనే అనేవాడు గానీ, అటు వైపు టార్చి కూడా కొట్టేవాడు కాదు.

ఇది మా బావ నాకు చెప్పిన సంగతి. ఆయనదీ కంప్యూటర్ల రిపేరే. అద్దె తక్కువని సరిగ్గా ఆ పక్క కొట్టే తీసుకున్నాడు. అక్క వద్దు వద్దని మొత్తుకుంది. వింటేనా!

ఒకరోజు పని తెమలక రాత్రయింది. సెల్లారంతా ఖాళీ. లైటార్పి తాళం చేతిలోకి తీసుకున్నాడో లేదో— గోడ అవతల...

టక్. టక్... టక్.

బావ తాళం గుప్పిట్లో బిగించి ఉన్నచోటే ఆగిపోయాడు. ఎవరో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ఆగింది. ఆ తర్వాత— కూత.

ఆ కూత వినగానే భయంలోనూ బావ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది ఆయనకి బాగా తెలిసిన చప్పుడే! సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లతో రోజూ ఉండే తలనొప్పి అది. మిషను వెలగ్గానే అడిగే బయోస్ పాస్‌వర్డ్, పాతవాళ్లు పెట్టింది, తప్పుగా కొడితే, మిషను అలా అరిచి బిగుసుకుపోతుంది.

'దెయ్యానికి పాస్‌వర్డ్ తెలీకపోవడమేంటి?' అనుకున్నాడు.

ధైర్యం చేసి వెళ్లి చూస్తే, షట్టరు కింద జానెడు సందు. సందులోంచి నీలం వెలుతురు. షట్టరు పైకెత్తాడు.

లోపల ఒక పెద్దావిడ. ముఖం మీద తెర వెలుగు. పక్కన చీపురు, బకెట్టు.

"తీసెయ్యకు బాబూ..." అంది గుసగుసగా, ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా కప్పేస్తూ. "మా అబ్బాయిది."

పోయిన కుర్రాడి తల్లి. పై ఆఫీసులు ఊడ్చి, ఇంటికెళ్లే ముందు కొడుకు తాళంచెవితో తెరుచుకుని ఇక్కడ కూర్చుంటుందట. వాడు పోయినప్పుడు బల్ల మీద వెలుగుతున్నది ఇదొక్కటేనట. వాడి పేరు, ముద్దు పేరు, చెల్లెలి పేరు— ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించుకొచ్చి, ఆ అక్షరాలు చూసుకుంటూ కొడుతోంది.

"ఎవరికైనా ఇచ్చి తెరిపించుకోలేకపోయావా అమ్మా?"

"లోపలున్నది తుడిచేస్తారని భయం." తెర మీద లైను వేలితో చూపించింది. "ఇది వాడు రాసిందే కదా? ఏమని రాశాడు బాబూ?"

బావ వంగి చదివాడు. ఏదో ఆఫీసు పేరు. ఈ మిషను మా ఆస్తి, దొరికితే తిరిగివ్వండి— అని ఉంది.

తన కొట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, డిస్కు ఊడదీసి, తన కంప్యూటరుకి తగిలించి చూశాడు. కొత్త పలకలా ఉంది. అమ్మేముందే ఆఫీసువాళ్లు అంతా తుడిచేశారు. ఆ కుర్రాడూ ఈ పాస్‌వర్డ్ తాళం దాటి లోపలికి వెళ్లనే లేదు. డిస్కు మళ్లీ బిగించి, మిషను వెలిగించి ఆవిడ ముందు పెట్టాడు.

వాడు రాసిందేనని అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందట. చెబితే ఆవిడ రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది.

"ఇది మీవాడిది కాదమ్మా," అన్నాడు. "ఎవరో ఆఫీసువాళ్లు అమ్మేసిన పాత మిషను. పాస్‌వర్డూ వాళ్లదే. లోపల ఏమీ లేదు."

ఆవిడ ఏడవలేదు. కొంగుతో ఆ తెర తుడిచింది.

"ఆ పొద్దున నాతో పోట్లాడి వచ్చాడు బాబూ," అంది. "'నీతో ఇక మాట్లాడనే మాట్లాడను' అన్నాడు..."

మెల్లగా మూత వేసింది. కొట్టంతా చీకటైంది.

"...అన్నంత పనీ చేశాడు."