తాడు పట్టుకోవడానికి రా

గంట కనిపిస్తే కొట్టకుండా ఉండలేని చేయి శరత్‌ది. తాడిపత్రిలో చిన్నప్పటి నుంచీ గుడికి వెళ్ళిన అలవాటు. ఆ అలవాటే అతని కొంప ముంచింది.

ఫరీదాబాద్ దాటాక వచ్చే సోహన్‌గఢ్ చిన్న ఊరు. అక్కడి ప్రైవేటు ఆర్ట్స్ కాలేజీ మాత్రం తాతల కాలం నాటిది. ఎర్ర ఇటుక గోడలు, పొడుగాటి వరండాలు, ప్రార్థన హాలు ముందు తాడు వేలాడే ఇత్తడి గంట. ఢిల్లీ కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్ తన వల్ల కాదని తేల్చుకుని చరిత్ర చదవడానికి చేరిన శరత్, మొదటి రోజే ఆ హాలు ముందు చెప్పులు విడిచాడు. ఠంగుమని గంట కొట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి కాలేజీ అంతా వరండాలో నిలబడి అతన్నే చూస్తోంది.

"యే క్యా కియా తుమ్‌నే?" అంది ముందున్న అమ్మాయి.

"గంట కొట్టినా" అన్నాడు కంగారులో తెలుగులోనే.

ఆ అమ్మాయి హిందీలో తలంటు పోసింది. ఆఖరి పరీక్ష రాసి కాలేజీ వదిలే రోజున తప్ప ఆ గంట ఎవరూ కొట్టకూడదు. తొందరపడి కొట్టినవాడికి ఆ రోజు కొట్టే హక్కు పోతుంది.

"రాక్షసి. కళ్ళు మాత్రం బాగుండాయి" అని గొణుక్కున్నాడు శరత్.

వెళ్ళబోతున్న అమ్మాయి వెనక్కి తిరిగి, "థాంక్యూ. కళ్ళ గురించి చెప్పినందుకు" అంది హిందీలోనే.

శరత్ నాలిక్కరుచుకున్నాడు.

ఆమె పేరు హరిప్రియ. అతని క్లాసే. ఢిల్లీ కంటోన్మెంటులో ఉండే సుబేదార్ శ్రీరాములు కూతురు. తెలుగు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలోనే.

"తెలుగులో మాట్లాడితే ఏం పోతుంది?" అని ఒకసారి క్యాంటీన్‌లో అడిగాడు.

"మేరీ తెలుగు పర్ సబ్ హస్తే హై. జిస్ దిన్ భరోసా హోగా, ఉస్ దిన్."

తన తెలుగు విని అందరూ నవ్వుతారట; నవ్వరన్న నమ్మకం కలిగిన రోజే మాట్లాడుతుందట. ఆ నమ్మకం తనమీద ఎప్పుడు కలుగుతుందా అని శరత్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఈలోగా దెబ్బలాడుకున్నారు, ఒకే సమోసా పంచుకున్నారు, వానలో ఒకే గొడుగు కింద నడిచి ఇద్దరూ చెరో భుజం తడుపుకున్నారు. అసలు మాట మాత్రం అతని గొంతు దాటలేదు.

ఆఖరి రోజు రానే వచ్చింది. హరిప్రియకి పుణెలో సీటు వచ్చింది. సాయంత్రమే రైలు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పినట్టే.

ఆ గంటకి ఇంకో ఆనవాయితీ ఉంది. కొట్టేవాళ్ళు తమతో తాడు పట్టుకోవడానికి ఒక్కరిని పిలవచ్చు. వదిలి వెళ్ళలేని మనిషినే పిలుస్తారు.

వాన చినుకులు మొదలయ్యాయి. హక్కు పోగొట్టుకున్న శరత్ అందరికంటే వెనక నిలబడ్డాడు. హరిప్రియ తాడు పట్టుకుంది. ఆమె ఎవరిని పిలుస్తుందోనని అతను మునివేళ్ళ మీద లేచి చూశాడు.

"శరత్, ఇటు రా" అంది. తెలుగులో.

జనం దారిచ్చారు. అతను తడబడుతూ వెళ్ళి, "నాకు హక్కు లేదు గదా" అన్నాడు.

"నీకు లేదు. నాకు ఉంది. నాతో తాడు పట్టుకోవడానికి రా. నువ్వంటే నాకు ఇష్టం." తాడు అతని వైపు జరిపింది. "తప్పుగా చెప్పానా? నవ్వకు."

"ఒక్క అక్షరం తప్పు లేదు. నాకూ నువ్వంటే ప్రాణం. చెప్పేదానికి భయపడి ఇన్నాళ్ళూ చచ్చినా."

ఇద్దరూ కలిసి తాడు లాగారు. గంట ఠంగుమంది. అలవాటు ఎక్కడికి పోతుంది? శరత్ కళ్ళు మూసుకుని దండం పెట్టేశాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కూతుర్ని రైలెక్కించడానికి వచ్చిన సుబేదార్ శ్రీరాములు, చేతిలో గొడుగుతో.

"ఇంట్లో ఏనాడైనా తెలుగులో నోరు విప్పిందేటి బాబూ ఇది?" అన్నాడాయన, కూతురి వంక మురిపెంగా చూస్తూ. "తడిసిపోతన్నావ్, గొడుగులోకి రా. మీ నాన్న నంబరు చెప్పు."