ధ్రువం తప్పిన గోళం

నాన్‌జింగ్‌లో కంచు పోతపనివాడు మియావ్ దెషెంగ్‌ను పట్టపగలు కాల్చి చంపారు. ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టి, కంచు వలయాలతో నక్షత్రాలను కొలిచే ప్రాచీన ఖగోళ గోళానికి నకలు పోసింది అతనే. ఏది అసలో చెప్పగల నోరు మూతపడింది.

గూఢచారి శాఖ అధిపతి గెంగ్, ఏజెంట్ ఫాన్ జోంగ్‌హెంగ్‌ను పిలిచాడు.

"బీజింగ్ నుంచి తెచ్చుకున్న గోళాన్ని బ్రాంట్ ముఠా కాజేసింది. రేవులో రెండు పెట్టెలు. ఒకదాంట్లో అసలు, ఒకదాంట్లో మనల్ని ఏమార్చడానికి మియావ్ పోసిన నకలు. ఓడ విదేశీయులది, ఒక్క పెట్టె ఆపడానికే పర్మిషన్."

"పోతే ఇంకోటి పోయించుకుందాం సార్."

"మీ తాత సమాధి పోతే ఇంకోటి తవ్విస్తావా? మన పంచాంగం దాంతోనే గుణించారు. దాని మాట మీదే విత్తనం చల్లారు. కదులు!"

ఫాన్ కూలీ వేషంలో రేవు చేరాడు. టీ కొట్టు దగ్గర పచ్చ పట్టు గౌనులో లువో మాన్‌చింగ్ నిలబడి ఉంది. ఇటు శాఖకూ అటు ముఠాకూ పనిచేసే మనిషి.

"ఉప్పు బాతు మిగిలిందా అక్కా?" అతను కోడ్ వాక్యం అడిగాడు.

"మెడ ముక్కే మిగిలింది తమ్ముడూ." ఆమె గొంతు తగ్గించింది. "ఎడమ పెట్టెలోదే అసలు."

"అడక్కుండానే చెప్పేశావే!"

"కూలీకి ఇంత శుభ్రమైన గోళ్లేంట్రా? ఎవరైనా చూస్తారు, పో!"

అతను పెట్టెల పలకలు సందు చేసి చూశాడు. రెండింటిలో అవే డ్రాగన్లు, అదే చిలుము. లైటర్‌కు దారం కట్టి వేలాడదీశాడు. దాని వెనక చెక్కిన కోణమానిని సాయంతో రెండు ఇరుసుల వాలూ కొలిచాడు.

ఎడమదాని వాలు నాన్‌జింగ్‌లో ధ్రువనక్షత్రం ఉండే ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. కుడిది ఇంకా పైకి లేచి ఉంది.

ఫాన్‌కు గుట్టు తెలిసింది. ఉత్తరాన బీజింగ్‌లో ధ్రువం ఇంకా ఎత్తున ఉంటుంది. అసలు గోళాన్ని ఆ ఆకాశానికే పోశారు. సొంత ఊళ్లో ధ్రువం తప్పే యంత్రం పోయడానికి మియావ్‌కు చేతులాడలేదు. నకలులో వాలును ఎవరికీ చెప్పకుండా సరిచేసేశాడు.

అప్పటికే కుడి పెట్టెకు క్రేన్ కొక్కెం తగిలించారు. ఫాన్ ఎగిరి పెట్టె మీదకెక్కి సర్కారు సీలు అంటించాడు. "దించండి!"

డొక్కలో పిస్తోలు గుచ్చుకుంది. పక్క పెట్టె మీద మాన్‌చింగ్! "ఎడమది అన్నానుగా!"

"అన్నావు. మియావ్ కాదన్నాడు."

సర్కారు సీలు చూసి పరుగెత్తుకొచ్చిన రేవు కస్టమ్స్ జవాన్ల తుపాకులన్నీ ఆమె వైపు తిరిగాయి. పిస్తోలు కింద పడింది. పెట్టె నేలకు ఆనింది.

రెండో పెట్టె ఓడెక్కింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. బ్రాంట్ దాన్నే అసలని ఒక విదేశీ జమీందారుకు అమ్మేశాడట. నాన్‌జింగ్‌కు తిరిగొస్తే తప్ప దానికి ధ్రువనక్షత్రం దొరకదన్న సంగతి జమీందారుకు ఎవరూ చెప్పలేదు.